మొదటి కొనుగోలుదార్లు: చుట్టాలా, తీర్థమా, సంతా, కొట్టా, కూలి గానుగా?

కోనసీమలో కొబ్బరి నూనె అమ్ముతానంటే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే: "ఇంటింటా చెట్లున్న చోట ఎవరు కొంటారు?" సబబైన ప్రశ్నే. అంబాజీపేట చుట్టుపక్కల పెరట్లో కాయ లేని ఇల్లు అరుదు. అయినా ఆ ఇంట్లోనే తలకు రాసుకునే నూనె కంపెనీ సీసాలో ఉంటుంది. ఆ సీసాను చూసే ధైర్యం తెచ్చుకుని రెండేళ్ళ కిందట కరెంటుతో తిరిగే చెక్క గానుగ పెట్టాము. గానుగ బిగించడానికి పట్టిన కాలం కంటే మొదటి ఇరవై ఇళ్ళను సంపాదించడానికి ఎక్కువ కాలం పట్టింది. అప్పుడు తొక్కిన దారులను పక్కపక్కన పెట్టి చెబుతాను. పచ్చళ్ళో, కుట్టుపనో మొదలుపెట్టబోయేవారికి కూడా ఇందులో పనికొచ్చేది ఉంటుందని నా నమ్మకం.

ఏ దారినైనా నేను రెండు ప్రశ్నలతో తూస్తాను. కొన్న మనిషి మళ్ళీ వస్తాడా? సరుకులో లోపం ఉంటే నాకు చెబుతాడా? మొదటి నెలల్లో గల్లాపెట్టెలో పడే డబ్బు కంటే ఈ రెండింటి జవాబే ఎక్కువ విలువైనది.

చుట్టాల దగ్గర మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది, రెండోదానికి అసలు దొరకదు. మా రెండో విడత నూనెకు తెచ్చిన కొబ్బరి సరిగా ఎండలేదు. నెల తిరిగేసరికి నూనెకు కమురు వాసన పట్టింది. అప్పటికే పన్నెండు ఇళ్ళలో మా సీసాలున్నాయి, ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక శుక్రవారం పెద్దమ్మ ఇంటికి వెళితే, దేవుడి గూటిలో ఒత్తుల డబ్బా పక్కన మా సీసా కనిపించింది. తలకు రాసుకోమని ఇచ్చిన నూనె దీపానికి వెళ్ళింది. అడిగితే, "వాసన కొంచెం తేడాగా ఉంది నాన్నా, చెబితే బాధపడతావని ఊరుకున్నాను" అంది. ప్రేమతో దాచిన ఆ మాట నెల ముందే చెవిన పడి ఉంటే పదిహేను కిలోల ఎండు కొబ్బరి మిగిలేది. చుట్టాలకు అమ్మవద్దని అనను. డబ్బు తీసుకునే అమ్మాలి, కానీ వాళ్ళ మెప్పును గిరాకీగా లెక్క వేసుకోకూడదు.

తీర్థమంటే మా వైపు దేవుడి జాతర. తీర్థం, సంత ఒకటేనని చాలామంది అనుకుంటారు. రెండుచోట్లా జనం ఉంటారు, రెండుచోట్లా ఆశీలు, అంటే అమ్ముకునే చోటుకు రుసుము, కట్టాలి. కానీ వ్యాపారం మొదలుపెట్టేవాడికి ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనాన్ని చూస్తే ఏ వ్యాపారికైనా ఆశ పుడుతుంది. కానీ అలంకరించి మోసుకొచ్చే ప్రభలు చూడటానికి వచ్చిన మనిషి చేతిలో పిల్లలుంటారు, జీళ్ళ పొట్లం ఉంటుంది. నూనె సీసా మోసుకుని తిరగడు. ఒకవేళ కొన్నా మళ్ళీ మీ ముందుకు వచ్చేది ఏడాది తర్వాతే. నూనె బాగుందో లేదో మీకు తెలిసే దారి లేదు.

వాడపల్లి ఇందుకు కొంత మినహాయింపు. అక్కడి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నవారు వరసగా ఏడు వారాలు వస్తారు. మొదటి వారం చూసి వెళ్ళిపోయినవాళ్ళు మూడో వారం ఆగి అడుగుతారు, ఐదో వారం కొంటారు. ఎనిమిదో వారం మాత్రం రారు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు కాబట్టి ఆ బంధం అక్కడితో తెగుతుంది.

సంతలో జనం తక్కువ, ముఖాలు మాత్రం వారం వారం అవే. పల్లెటూరి ఆడవాళ్ళు నూనెను పరీక్షించే తీరు చూడాలి. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని, బొటనవేలితో గట్టిగా రుద్ది, వేడెక్కాక వాసన చూస్తారు. సీసా మీది కాగితం వైపు చూడనైనా చూడరు. అంత పరీక్ష చేసి కొన్న మనిషి, నచ్చకపోతే వచ్చే వారం సీసా తెచ్చి అందరి ముందూ అడుగుతుంది. మొదట్లో ఆ నిలదీత కష్టంగా ఉండేది. ఇప్పుడు సంతకు వెళ్ళేదే దానికోసం. ఒక జాగ్రత్త చెప్పాలి. తినే నూనెను డబ్బాలోంచి విడిగా కొలిచి అమ్మడానికి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. మూత బిగించి, నమోదు సంఖ్య వేసిన చిన్న సీసాలే పట్టుకువెళ్ళాలి. కిలో లెక్కన అడిగేవారికి లీటరు నూనె కిలో తూగదనీ, సుమారు 915 గ్రాములే ఉంటుందనీ ముందే చెప్పేయాలి. ఇంటికి వెళ్ళి తూచుకున్నాక తెలిస్తే మోసమనే అనుకుంటారు.

కిరాణా కొట్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కొత్త సరుకును అరువు మీదే పెట్టుకుంటారు, అమ్ముడయ్యాక డబ్బిస్తారు. కొబ్బరి తెచ్చే మనం మాత్రం నగదు కట్టాలి. పది కొట్లలో పదేసి సీసాలు పెడితే వంద సీసాల పెట్టుబడి వాళ్ళ అరల్లో ఇరుక్కుంటుంది. అడిగి కొనేవాళ్ళు తయారయ్యాక కొట్టు మంచి దారి, అంతకు ముందు కాదు.

ఫోను సంగతీ దాదాపు అంతే. వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మందిని చేర్చవచ్చు కానీ, మీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అంటే మిమ్మల్ని ముందే ఎరిగినవారికే. హైదరాబాదు నుంచి మాకు వచ్చే బేరాలన్నీ సంక్రాంతికి పుట్టింటికి వచ్చి, ఇక్కడ నూనె వాడి వెళ్ళిన ఆడపిల్లలవే. పరిచయం ఊళ్ళో జరిగింది, ఫోను దాన్ని నిలబెట్టింది.

ఇక కూలి గానుగ. ఇంట్లో కొబ్బరి ఉన్నవారికి నూనె ఎందుకు అమ్మాలి, వాళ్ళ కొబ్బరినే ఆడించి ఇస్తే సరిపోదా అన్న ఆలోచన మా ఆవిడది. కురిడికి, అంటే కాయలోనే గుండుగా ఎండిన కొబ్బరికి, మంచి ధర వస్తుంది కాబట్టి దాన్ని అమ్ముకుంటారు. పగిలిన కాయలు, చిన్న కాయలు కొట్టి ఎండబెట్టిన చిప్పలు మాత్రం ప్రతి ఇంట్లో ఎంతో కొంత పోగుపడతాయి. వాటిని తెచ్చుకోమన్నాము. మనిషి తన కొబ్బరి తనే తూస్తాడు, గానుగలో తన కళ్ళముందే పోస్తాము, నూనె కారేదాకా బల్ల మీద కూర్చుంటాడు. మాకు కూలి ఇచ్చి నూనె పట్టుకువెళతాడు. నూనె తీశాక మిగిలే కొబ్బరి చెక్క కావాలంటే పశువులకు తీసుకువెళతాడు, వద్దంటే ఆ మేరకు కూలి తగ్గిస్తాము. కల్తీ అనే అనుమానానికి చోటే ఉండదు. పైగా వాయి తిరిగేంతసేపూ ఆయన పక్కనే ఉంటాడు కదా, చిప్ప ఎంత ఎండితే నూనె నిలవ ఉంటుందో నేను నేర్చుకున్నది ఆ బల్ల మీది కబుర్లలోనే. చిప్ప విరిస్తే టక్కుమని విరగాలి, వంగితే ఇంకో రెండు ఎండలు కావాలి. ఇది ఒక రైతు నా చేతిలో చిప్ప పెట్టి చూపించిన పాఠం.

అలా వచ్చినవారిలో పసిపిల్లలకు నలుగు పెట్టి నీళ్ళు పోసే మామ్మగారు ఒకరున్నారు. తన పెరటి చిప్పలు ఆడించుకుని, ఆ నూనెనే చంటిపిల్లలకు రాసింది. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన అమ్మాయిల తల్లులు, ఆమె చెప్పిన గుర్తులు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చెట్లు లేనివాళ్ళు వాళ్ళు. సీసా నూనె కొన్న మొదటి అసలైన గిరాకీ అదే.

ఆ ఏడు ధనుర్మాసంలో ఏ దారి గట్టిదో తేలిపోయింది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మా ప్రాంతంలో ఆ నెల తెల్లవారుజాముల్లో చలి అంతకంటే దిగుతుంది. నూనె తెల్లగా పేరుకుంది. ఒక కొట్టువారు మైనం కలిపామంటూ ఎనిమిది సీసాలు వెనక్కి పంపేశారు. సంతలో ఇద్దరు సీసాలు తెచ్చి అడిగారు, ఎండలో పెట్టి కరిగించి చూపిస్తే తీసుకువెళ్ళారు. కూలికి ఆడించుకున్నవారిలో ఒక్కరూ అడగలేదు. తమ ఇంటి నూనె కూడా అలాగే పేరుకుందని పక్కింటివారికి వాళ్ళే చెప్పారు.

అందుకే ఎవరైనా అడిగితే ముందు కూలి పని, దానితోపాటు సంత అంటాను. పచ్చళ్ళు పెట్టబోయేవారు వేసవిలో మామిడికాయలు తెచ్చినవారికి ఆవకాయ కలిపి ఇచ్చి కూలి తీసుకోవచ్చు. కుట్టుపనివారు చీరలకు ఫాల్ కుట్టడంతో మొదలుపెట్టవచ్చు. వాళ్ళ వస్తువు మన చేతిలోంచి బాగుపడి వాళ్ళకే తిరిగి వెళ్ళాలి. అమ్మకం తర్వాత వస్తుంది.

ఇందులో లోటు లేకపోలేదు. కూలి డబ్బు కరెంటు బిల్లుకూ ఇంటి ఖర్చుకూ సరిపోతుందే తప్ప గానుగ అప్పు తీర్చదు. శ్రావణం, భాద్రపదాల్లో ముసురు పట్టి చిప్పలు ఎండవు, బల్ల ఖాళీగా ఉంటుంది. వేసవిలో ఆడించి నిలవ చేసుకున్న సీసాలతో ఆ రెండు నెలలూ నేను ప్రతి సంతకూ వెళతాను, గొడుగు కిందైనా సరే.