ఇద్దరి కోసం డెజర్ట్ బోర్డు కిట్: పలకకు మంచి మార్కులే, పైన పేర్చే తీపికే కోత

పెళ్లిరోజు విందు తరువాతో, మనసులో మాట చెప్పుకొనే సాయంత్రమో ఇద్దరు కలిసి ఒకే పలక మీది తీపి పదార్థాలను పంచుకొని తినేందుకు వీలుగా, కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది అమ్మే డెజర్ట్ బోర్డు కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. అటువంటి కిట్ ఒకదాన్ని తెప్పించి, వాడి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. పెట్టెలో గుండ్రని అకేసియా చెక్కపలక, రెండు చిన్న పింగాణీ గిన్నెలు, రెండు పొట్టి ఫోర్కులు, డార్క్, మిల్క్, వైట్ చాక్లెట్ బిళ్లలు, మెకరాన్లు (బాదంపిండితో చేసి, మధ్యలో క్రీము పెట్టే జంట బిళ్లలు), షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు, మార్ష్‌మాలోలు, ఒక సీసా క్యారమెల్, ఎండు గులాబీ రేకుల పొట్లం, చిన్న కొవ్వొత్తి, పేర్చే విధానాన్ని బొమ్మలతో చూపే కాగితం ఉన్నాయి. పండ్లు, క్రీము మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ముందుగా పలక గురించి చెప్పాలి, ఎందుకంటే పెట్టెలో అన్నిటికంటే విలువైనది అదే. సుమారు 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఈ పలకను ఇద్దరి మధ్య పెట్టుకొంటే, అవతలి అంచున ఉన్న ముక్క కోసం ఎవరూ లేచి చేయి చాపవలసిన పని లేదు. అంచు చుట్టూ సన్నని గట్టు ఉండడం వల్ల ద్రాక్షపండ్లు, బాదంపప్పులు దొర్లి కింద పడవు. అకేసియా దట్టమైన చెక్క కనుక తడిని త్వరగా పీల్చుకోదు. ఇదే పని కోసం అమ్మే పాలరాతి పలక చల్లగా ఉండి చాక్లెట్‌ను గట్టిగా నిలుపుతుందన్న మాట నిజమే కాని, పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్ కాబట్టి నిమ్మ, నారింజ వంటి పుల్లని పండ్ల రసం తగిలిన చోట మెరుపు పోయి మచ్చ నిలిచిపోతుంది. పండ్లు లేకుండా డెజర్ట్ బోర్డు ఉండదు కనుక నా ఓటు చెక్కకే. దీన్ని నీటిలో నానబెట్టకుండా, డిష్‌వాషర్‌లో వేయకుండా చేత్తో కడిగి వెంటనే తుడిచి, అప్పుడప్పుడూ ఆహారానికి వాడదగిన మినరల్ ఆయిల్ పూస్తూ ఉంటే చాలాకాలం మన్నుతుంది. వంటనూనె పూస్తే కొన్నాళ్లకు ముక్కిన వాసన పట్టుకొంటుంది.

చిక్కు వచ్చింది పేర్చే విధానంతోనే. పలక మీద ఎక్కడా ఖాళీ కనిపించకుండా అన్నిటినీ ఒత్తుగా నింపమని కాగితం చెబుతోంది. పదిమంది చుట్టూ చేరి చూస్తుండగానే ఖాళీ చేసే విందులో అది చెల్లుతుంది. ఇద్దరు నింపాదిగా కబుర్లు చెప్పుకొంటూ తినే చోట అదే పెద్ద లోపమవుతుంది. కోసిన స్ట్రాబెర్రీల పక్కన ఆనుకొని ఉన్న షార్ట్‌బ్రెడ్ పండులోని తడిని లాక్కొని కాసేపట్లోనే మెత్తబడిపోతుంది, మెకరాన్ పైపొరకూ అదే గతి. తడి పదార్థాలను ఒక పక్కకు, కరకరలాడేవాటిని మరో పక్కకు చేర్చి, మధ్యలో చాక్లెట్ బిళ్లలనో వేయించిన గింజలనో గోడలా నిలపాలని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. అన్నట్టు, పెట్టె మీది ఫోటోలో ఉన్నంత పండు పలకపై పట్టాలంటే బిస్కెట్లలో సగం పెట్టెలోనే వదిలేయాలి.

అంతకంటే గట్టిగా చెప్పవలసిన అభ్యంతరం మరొకటి ఉంది. ఈ కిట్‌లో తీపి పక్కన మళ్లీ తీపే ఉంది. ఒకే రుచిని వరుసగా తింటూ పోతే ఆ రుచి మీద ఇష్టం తగ్గి, వేరే రుచి ఎదురుకాగానే నాలుక మళ్లీ తేరుకొంటుందన్నది ఆహార శాస్త్రవేత్తలు 1980ల నుంచి చెబుతున్న సంగతి. క్యారమెల్‌లో ముంచిన మార్ష్‌మాలో, ఆ వెంటనే వైట్ చాక్లెట్ తిన్న మనిషికి మూడో ముక్క మీదికి చేయి పోదు. అందుకే మార్ష్‌మాలోలను, వైట్ చాక్లెట్‌ను పక్కన పెట్టి, ఆ చోట్లలో రాస్ప్‌బెర్రీలు, తొక్కా గింజా తీసిన నారింజ తొనలు, ఉప్పు వేసి వేయించిన బాదంపప్పు, నిమ్మ తొక్క తురుము కలిపిన మాస్కార్పోనే అనే మెత్తని క్రీము చీజ్ ఉంచాను. క్యారమెల్ మీద పలుచని పొరల్లా ఉండే ఉప్పు చిటికెడు చల్లితే దాని వెగటు చాలావరకు విరుగుతుంది. కిట్‌లోని డార్క్ చాక్లెట్ 70 శాతం కోకో ఉన్నది కావడం మాత్రం మెచ్చుకోదగిన ఎంపిక. పలక మొత్తానికి కావలసిన చేదును అదొక్కటే అందిస్తుంది. ఆపిల్ ముక్కలు పెట్టదలచినవారు వాటికి నిమ్మరసం పట్టించకపోతే గాలి తగిలి రంగు మారిపోతాయి.

చాక్లెట్ సాస్ గురించి కాగితంలో ఉన్న సలహా తప్పు. కరిగించిన చాక్లెట్ మరీ చిక్కగా ఉంటే కొద్దిగా నీరు కలపమని రాశారు. కరిగిన చాక్లెట్‌లో నాలుగు చుక్కల నీరు పడితే చాలు, అందులోని చక్కెర, కోకో పొడి ఆ తడికి అతుక్కొని మొత్తం గరుకు ముద్దగా బిగుసుకుపోతుంది. దానికి బదులు డార్క్ చాక్లెట్, క్రీము సమాన తూకంలో తీసుకొని, ఇద్దరికైతే ఒక్కొక్కటి 60 గ్రాములు చాలు, పొగలు వచ్చేలా వేడి చేసిన క్రీమును చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన మధ్య నుంచి అంచులకు మెల్లగా కలిపితే ముంచుకు తినడానికి తగిన గనాష్ తయారవుతుంది. స్ట్రాబెర్రీలను ముందే చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టాలనుకొంటే పండు మీద తడి చుక్క కూడా ఉండకూడదు. కరిగించి చల్లార్చిన డార్క్ చాక్లెట్‌ను 31–32 డిగ్రీల సెల్సియస్ వద్ద వాడితేనే పూత మెరుస్తూ టక్కున విరుగుతుంది. టెంపరింగ్ అనే ఈ కరిగించి చల్లార్చే పని సరిగా కుదరకపోతే చాక్లెట్‌లోని కొవ్వు, అంటే కోకో బటర్, పైకి తేలి తెల్లని చారలు వస్తాయి. తినడానికి ఇబ్బంది లేదు కాని, అందం కోసం పేర్చిన పలక మీద అవి కంటికి కొడతాయి.

అలంకరణ సామాగ్రిలో ఏదీ నాకు పనికిరాలేదు. కొవ్వొత్తిని పలక మధ్యలో నిలబెట్టిన బొమ్మ చూడముచ్చటగా ఉంది కాని, దగ్గర్లోని చాక్లెట్ కరిగి, మైనం బొట్లు పడే అవకాశం ఉన్న చోట తినే వస్తువు పెట్టడం అర్థం లేని పని. దాన్ని బల్ల మీద విడిగా వెలిగించుకోవచ్చు. గులాబీ రేకుల పొట్లం మీద తినదగినవని ఎక్కడా రాసి లేదు. అలంకరణకు పెంచే పూలకు పురుగుమందులు కొట్టడం మామూలే కనుక వాటిని ఆహారానికి తగలనివ్వకపోవడమే మేలు. మెకరాన్లలో బాదంపిండి ఉందన్న హెచ్చరికను పెట్టె అడుగున చదవలేనంత చిన్న అక్షరాలతో అచ్చువేశారు. ఎదుటివారికి ఏది పడదో ఇంకా పూర్తిగా తెలియని కొత్త పరిచయాల్లో ఈ వివరమే అన్నిటికంటే ముందు కనబడాలి.

పొట్టి ఫోర్కులు గనాష్ గిన్నెలోకి చక్కగా దిగుతాయి, పట్టు కూడా బాగుంది. క్రీము, చీజ్ ఉన్న గిన్నెలను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదన్న సూచన కాగితంలో లేదు, ఉండవలసింది. ఇదే అమ్మకందారు పలక, గిన్నెలు, ఫోర్కులను ఒక జతగా విడిగా కూడా అమ్ముతున్నారు కాబట్టి, తీపి వస్తువులను తమ ఇష్టప్రకారం ఎంచుకోగలిగినవారు ఆ జతను తీసుకోవడం మంచిది. అంత తీరిక లేక పూర్తి కిట్‌నే కోరుకొనేవారు ఆర్డరు పెట్టే ముందు మెకరాన్ల గడువు తేదీని అడిగి తెలుసుకోవాలి. నాకు అందిన పెట్టెలో అది మరీ దగ్గరపడి ఉంది.