ఒక్కసారి కొడితే అన్ని ఆఫీసులకూ: ఓడల సింగిల్ విండో వాడాక నా మాట

ఓడ వచ్చే టైము మారిందంటే ఐదు ఆఫీసులకు ఐదు ఫోన్లు చేసిన రోజులు నాకింకా గుర్తే. షిప్పింగ్ ఏజెన్సీలో ఓడల కాగితాల పని చూసే బోర్డింగ్ క్లర్కుగా చేరిన కొత్తలో నా బండి డిక్కీలో ఎప్పుడూ కార్బన్ పేపర్లు, స్టాంపు ప్యాడు, ఖాళీ క్రూ లిస్టులు (ఓడ సిబ్బంది పేర్లు రాసేవి) ఉండేవి. వాటిని మోసినవాడిని కాబట్టే, ఓడ వివరాలు కంప్యూటర్లో ఒకచోట కొడితే అన్ని ఆఫీసులకూ వెళ్లే ఈ సింగిల్ విండో సిస్టమ్ అంటే నాకు ఇష్టం. లాగిన్ ఎలా, ఏ స్క్రీన్ తర్వాత ఏది వస్తుంది అన్నవి ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. నాకు నచ్చిన ఒక్క విషయం, అదే విషయం నన్ను ఇబ్బంది పెట్టిన ఒక్క రాత్రి, ఈ రెండే చెబుతాను.

నచ్చింది ఈటీఏ, అంటే ఓడ వచ్చే అంచనా టైము సంగతి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఓడ వచ్చే టైము రోజుకు మూడు నాలుగుసార్లు మారుతుంది. కెప్టెన్ మెయిల్ పెడతాడు, నేను ఒకచోట మారుస్తాను. ఓడను రేవులోకి, బయటికి నడిపించే పైలట్లను పంపే మెరైన్ కంట్రోల్, ఓడ కట్టే చోటు (బెర్తు) చూసేవాళ్లు, కస్టమ్స్, ఇమిగ్రేషన్, పోర్టు హెల్త్, అందరి ముందూ అదే టైము కనిపిస్తుంది. ఇది లేనప్పుడు ఒకరి పుస్తకంలో తెల్లవారి నాలుగు, ఇంకొకరి పుస్తకంలో పగలు పది ఉండేది. హెల్త్ క్లియరెన్స్ కోసం మాట్లాడుకున్న లాంచీ డబ్బులు ఎన్నిసార్లు వృథాగా పోయాయో లెక్కే లేదు. 'మాకు చెప్పలేదు' అన్న మాట ఈ మధ్య నేను విననే లేదు. చెప్పిన టైము, చూసిన టైము రెండూ స్క్రీన్ మీదే ఉంటాయి.

దీని వెనకున్న రూల్ కూడా నాకు ఇష్టమే. ఓడల రాకపోకల కాగితాలు దేశానికొక తీరుగా ఉండకూడదని 1965లోనే అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నారు. జనరల్ డిక్లరేషన్, సరుకు, స్టోర్స్, క్రూ సామాన్లు, క్రూ లిస్టు, ప్యాసింజర్లు, ప్రమాదకర సరుకు, ఇలా ఏడు ఫారాలు ఆ ఒప్పందం కిందివే. వాటి వివరాలు కంప్యూటర్ల మీదే ఇచ్చిపుచ్చుకోవాలన్న నిబంధన 2019 ఏప్రిల్ 8 నుంచి వచ్చింది. 2024 జనవరి 1 నుంచి సభ్యదేశాలన్నీ సింగిల్ విండో పెట్టి తీరాల్సిందే. మన దగ్గర అంతకు ముందే పోర్టు కమ్యూనిటీ సిస్టమ్ ఉంది, దాని కొత్త రూపం 2018 డిసెంబరులో వచ్చింది. కంప్యూటర్ మీద ఈ పని నేను నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడు ఏ దేశం కెప్టెన్ వచ్చినా ఆయన పంపే వివరాలు, మేం నింపాల్సిన గళ్లు చాలావరకు సరిపోతున్నాయి. ఫిలిప్పీన్స్ పేర్ల స్పెల్లింగ్ కోసం అర్ధరాత్రి పాస్‌పోర్టులు తిరగేసే పని తప్పింది.

ఇందులోనే ఇంకో సౌకర్యం ఉంది. ఓడ వచ్చినప్పుడు ఇచ్చిన వివరాలు, వెళ్లేటప్పుడు నింపే ఫారంలో ముందే నిండి ఉంటాయి. 'దీన్ని మించింది లేదు' అని ఆఫీసులో చేరిన ప్రతి కుర్రాడికీ నేనే చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి.

పోయిన వానాకాలం మాకొక బల్క్ షిప్పు (సరుకు విడిగా పోసుకుని వెళ్లే ఓడ) వచ్చింది. క్రూ ఇరవై ఇద్దరు. అందులో ఒక సీమన్ సోంపేట వైపు కుర్రాడు. లోడింగ్ సగంలో ఉండగా వాళ్ల నాన్నను శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. కంపెనీ ఒప్పుకుంది. మధ్యాహ్నం నేనే దగ్గరుండి సైన్ ఆఫ్ చేయించాను, అంటే ఓడ దిగిపోయినట్టు రాయించాను. పాస్‌పోర్టులో స్టాంపు పడేదాకా వాడి చేతులు వణుకుతూనే ఉన్నాయి. 'ఈ టైములో శ్రీకాకుళం బస్సు దొరుకుతాదా అన్నా?' అన్నదొక్కటే వాడి ప్రశ్న. బస్ కాంప్లెక్స్ దగ్గర దింపి, బస్సెక్కించి వచ్చాను.

రాత్రి పదిన్నరకు లోడింగ్ అయిపోయింది. నిండు లోడు మీదున్న ఓడ, పోటు మీదే బయటికి తీయాలి. పైలట్ రెండున్నరకు. సరుకు లెక్క, ఓడ ఎంత మునిగిందో కొలిచే డ్రాఫ్ట్ సర్వే కాగితాలు, కెప్టెన్ సంతకాలు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పదకొండింటికి డిపార్చర్ ఫారం తెరిచాను. క్రూ లిస్టు నిండే ఉంది. సబ్మిట్ కొట్టాను. ఇరవై ఇద్దరి పేర్లూ అన్ని ఆఫీసులకూ వెళ్లిపోయాయి, బస్సులో కూర్చున్న కుర్రాడి పేరుతో సహా.

ఒంటిగంటా పావుకు ఒక ఆఫీసు నుంచి ఫోను. 'మీ లిస్టులో ఇరవై రెండు ఉన్నాయి. మా దగ్గర ఒకతను దిగిపోయినట్టు ఉంది. మనిషి ఎక్కడ?' వాళ్లకు అది చిన్న విషయం కాదు. ఒకే మనిషి ఒడ్డు మీదా ఓడలోనూ ఉన్నట్టు రికార్డులో ఉంటే వాళ్లేం సంతకం పెడతారు?

కాగితాల రోజుల్లో అయితే ఆ షీటు మార్చి, కొత్తదాని మీద కెప్టెన్ సంతకం పెట్టించి, పది నిమిషాల్లో ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మిగతా ఆఫీసులు అప్పటికే ఓకే చేసేశాయి. సవరణ పంపితే ఒక్కో ఆఫీసు మళ్లీ తెరిచి ఒప్పుకోవాలి. మూడు చోట్ల పని అరగంటలో అయింది. నాలుగో చోట నైట్ డ్యూటీలో ఉన్నతనికి తెరిచే అధికారం లేదు, అధికారం ఉన్న ఆఫీసరు ఫోను ఎత్తలేదు. ఆ డ్యూటీ అతను పాపం లైన్లోనే ఉండి రింగు మీద రింగు ఇచ్చాడు. బ్రిడ్జి మీంచి కెప్టెన్ పదినిమిషాలకోసారి వీహెచ్‌ఎఫ్ రేడియోలో అడుగుతున్నాడు. ఓడను లాగే టగ్గులు వచ్చి పక్కన ఆగాయి. మూడున్నరకు నీరు తగ్గుతోందని పైలట్‌ను రద్దు చేశారు. తర్వాతి పోటు పన్నెండు గంటలు దాటాకే. ఓడలు లంగరేసి ఆగే యాంకరేజీలో ఆ బెర్తు కోసం ఇంకో ఓడ ఎదురుచూస్తోంది. ఆ రోజు మా ఆఫీసుకు వచ్చిన మెయిళ్లు తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

పేర్లు చూడకుండా పంపింది నేనే, అందులో అనుమానం లేదు. కానీ ఒకటి ఆలోచించాలి. ఐదు కాగితాలు విడివిడిగా రాసినప్పుడు తప్పు ఒకచోట పడితే ఆ ఒక్కచోటే ఉండేది. ఇప్పుడు ఒప్పు ఎంత వేగంగా వెళ్తుందో తప్పూ అంతే వేగంగా వెళ్తోంది, దిద్దుబాటు మాత్రం ఒక్కో గుమ్మం తట్టుకుంటూ వెళ్లాలి. అదే సమయంలో, అందరి దగ్గరా ఒకే సమాచారం ఉండబట్టే ఆ తప్పు ఓడ కదలకముందు దొరికింది. ఇరవై రెండు అనే రాసి ఓడను పంపేసి ఉంటే తర్వాతి రేవులో తలలు లెక్కపెట్టి ఓడను ఆపేవాళ్లు. అది ఇంకా పెద్ద గొడవ. నిండిన క్రూ లిస్టు చూపించే ముందు 'ఇక్కడ ఎవరైనా దిగారా, ఎక్కారా?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, నా ఫిర్యాదు సగం తీరిపోతుంది.

నేను చూసేది నెలకు మూడు నాలుగు బల్క్ ఓడలు, వివరాలు చేత్తో కొట్టే చిన్న ఆఫీసు. కంటైనర్ లైన్ల వాళ్లకు సొంత సాఫ్ట్‌వేర్ నుంచే వివరాలు వెళ్తాయి, వాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. నైట్ షిఫ్టులో ఇద్దరుండే ఆఫీసుల్లో ఒకరు నింపితే ఒకరు చూస్తారు. నా మటుకు నాకు మళ్లీ కార్బన్ పేపర్లకు వెళ్లాలని లేదు. ఈటీఏ ఒక్కదానికే ఇది వాడమని ఎవరికైనా చెబుతాను. డిపార్చర్ ఫారం మాత్రం ఇప్పుడు ఆఫీసులో కూర్చుని పంపను. లిస్టు ప్రింటు తీసుకుని గ్యాంగ్‌వే (ఓడ మెట్లు) ఎక్కి, చీఫ్ ఆఫీసర్‌తో ఒక్కో పేరూ చదివించుకుని, టిక్కు పెట్టాకే సబ్మిట్.

నెల తర్వాత ఆ సోంపేట కుర్రాడు ఫోను చేశాడు. నాన్న ఇంటికొచ్చాడట, నడుస్తున్నాడట. పెట్టేసే ముందు, 'ఆ రాత్రి షిప్పు టైముకే పోయిందా అన్నా?' అని అడిగాడు.

'పోయిందిలే తమ్ముడూ' అన్నాను.