ముందు ఎత్తు పెంచడానికి ఏది మేలు: కాలరా, స్పేసరా, కొత్త స్ప్రింగా?

టొయోటా టకోమా పికప్ కొని, దానికి మంచి కాయిలోవర్లు (షాక్ చుట్టూ స్ప్రింగ్ తొడిగిన జోడీలు) వేయించుకున్నవాళ్ళు కొన్నాళ్ళు పోయాక అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, ముందు ఇంకో అంగుళం లేపాలి. ఇంట్లోనే కాలర్ తిప్పేసుకోవచ్చా, పైన స్పేసర్ వేయాలా, లేక స్ప్రింగులే మార్చాలా?" ఈమధ్య నా బండికీ ఇదే పని పెట్టుకున్నాను కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ మాట్లాడేది అమెరికాలో 2005 నుంచి 2023 దాకా అమ్మిన రెండో, మూడో తరం టకోమాల గురించి, వాటికి వేసే ఫాక్స్, కింగ్, ఐకాన్ లాంటి కంపెనీల మరలున్న కాయిలోవర్ల గురించి. కాలర్ అంటే ఆ మరల మీద తిరుగుతూ స్ప్రింగ్‌ను పైనుంచి నొక్కి ఉంచే రింగు. బిల్‌స్టీన్ 5100 షాక్‌కు తిప్పే కాలర్ ఉండదు, గాడుల్లో కూర్చునే స్నాప్ రింగ్ ఉంటుంది. ఎత్తు మార్చాలంటే స్ప్రింగ్ విప్పాల్సిందే, అందుకని దాన్ని ఇంటి పనుల్లో లెక్కేయను.

ముందు ఒక అపోహ పక్కన పెడదాం. కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. గట్టిపడదు. 600 పౌండ్ల స్ప్రింగ్ అంటే ఒక అంగుళం నొక్కడానికి 600 పౌండ్ల బరువు కావాలని అర్థం. కాలర్ ఎక్కడున్నా ఆ అంకె మారదు. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు స్ప్రింగ్ మీద పడే బరువూ మారదు కాబట్టి, అప్పుడు స్ప్రింగ్ పొడవు కూడా ముందున్నంతే ఉంటుంది. మారేది షాక్ నిలబడే చోటు. కాలర్ కిందికి దిగినంత మేర షాక్ సాగుతుంది, బండి లేస్తుంది. మరి తిప్పాక బండి గరుకుగా ఎందుకు నడుస్తుంది? డ్రూప్ తగ్గినందుకు. అంటే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి వేలాడగలిగే దూరం తగ్గినందుకు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో తేల్చేది డ్రూప్ ఒక్కటే. ఎత్తు ఎంత కావాలన్నది ఆ తర్వాతి మాట.

లెక్క వేస్తే సులువుగా తెలుస్తుంది. టకోమా ముందు భాగంలో షాక్ ఒక అంగుళం కదిలితే చక్రం సుమారు రెండు అంగుళాలు కదులుతుంది. ఒక్కో స్ప్రింగ్ మీద 1800 పౌండ్లు పడుతున్నాయనుకోండి. 600 స్ప్రింగ్ మూడు అంగుళాలు నొక్కుకుని ఉంటుంది. చక్రం గాల్లో పూర్తిగా వేలాడుతున్నప్పుడు కూడా స్ప్రింగ్‌ను కాలర్ ఒక అంగుళం నొక్కి ఉంచిందనుకుందాం, అదే ప్రీలోడ్. మూడులోంచి ఒకటి పోతే మిగిలిన రెండు అంగుళాలు షాక్ దగ్గర డ్రూప్, చక్రం దగ్గర నాలుగు. ఇప్పుడు కాలర్‌ను ఇంకో అర అంగుళం దింపితే బండి ఒక అంగుళం లేస్తుంది, డ్రూప్ చక్రం దగ్గర మూడు అంగుళాలకు పడిపోతుంది. ఒక అంగుళం దింపితే బండి రెండు అంగుళాలు లేస్తుంది, డ్రూప్ రెండే మిగులుతుంది. రెండు అంగుళాల డ్రూప్‌తో వాష్‌బోర్డ్ రోడ్డు (అలలు అలలుగా గతుకులున్న మట్టి రోడ్డు) ఎక్కితే చక్రం పొట్టి పలుపుకు కట్టిన దూడలా అడుగు వేసి ఆగిపోతుంది, షాక్ చివరికంటా సాగి టప్ టప్ మని కొట్టుకుంటుంది. పైకి చూస్తే బండి మాత్రం హీరోలా ఉంటుంది.

అందుకని పానా ముట్టుకునే ముందు ఒక కొలత తీసుకోమంటాను. బండి చదునైన నేల మీద ఉండగా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలి ఎంతుందన్నది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత ముందు రెండు చక్రాలూ వేలాడేలా ఫ్రేమ్ కింద జాకీ పెట్టి లేపి మళ్ళీ కొలవండి. ఒక పక్కే లేపితే స్వే బార్ (రెండు పక్కల చక్రాలనూ కలిపే కడ్డీ) ఆ చక్రాన్ని పట్టి ఉంచుతుంది, కొలత తప్పుతుంది. రెండు కొలతల తేడాయే మీ డ్రూప్. అది మూడు అంగుళాలకు దగ్గరగా వచ్చిందంటే కాలర్‌తో ఇక లేపొద్దన్నది నేను పెట్టుకున్న హద్దు. నాలుగు, ఆపైన ఉంటే మీరడిగే ఒక్క అంగుళం నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇదే లెక్కతో ఇంకో సంగతి బయటపడుతుంది. ముందు స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) బిగించారు, ఒక్కో చక్రం మీద వంద పౌండ్లు పెరిగాయనుకోండి. స్ప్రింగ్ మీద ఆ భారం రెండు వందలై పడుతుంది, బండి మూడింట రెండు వంతుల అంగుళం కిందికి దిగుతుంది. కాలర్ మూడో వంతు అంగుళం తిప్పితే పాత ఎత్తు, దాంతోపాటు పాత డ్రూప్ కూడా తిరిగి వస్తాయి. అసలు కాలర్ పెట్టింది ఇందుకే. బరువు పెరిగితే కుంగిన బండిని మళ్ళీ దాని చోటికి తేవడం దాని పని. ఖాళీ బండిని ఇంకా ఇంకా లేపడానికి వాడుకున్నప్పుడే చిక్కంతా.

స్పేసర్ లెక్క వేరు. పైన మూడు బోల్టుల దగ్గర, ఫ్రేమ్‌కూ కాయిలోవర్‌కూ మధ్య బిళ్ళలా కూర్చునే రకం గురించి చెబుతున్నాను. అర అంగుళం బిళ్ళ వేస్తే బండి అంగుళం లేస్తుంది, డ్రూప్ తగ్గదు. వినడానికి బాగానే ఉంది. కానీ షాక్ మొత్తం కిందికి జరిగింది కాబట్టి చక్రం ఇదివరకటి కన్నా ఒక అంగుళం ఎక్కువ కిందికి వేలాడుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ వెళ్ళి స్ప్రింగ్‌కు తగలొచ్చు. ఆర్మ్ చివరి బాల్ జాయింట్, చక్రాన్ని తిప్పే ఇరుసులోని సీవీ జాయింట్ వాటికిచ్చిన కోణం దాటిపోవచ్చు. చక్రం మీదికి వచ్చేటప్పుడు ఇంకో తంటా: దాన్ని ఆపే రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాప్, ఉన్నచోటే ఉంది, షాక్ ఒక్కటే కిందికి వచ్చింది, కాబట్టి స్టాప్ తగిలేలోపే షాక్ లోపల అడుగంటే ప్రమాదం ఉంది. కాలర్ తిప్పితే ఈ ఇబ్బందులు రావు. చక్రం ఎంత కిందికి వేలాడాలో కాయిలోవర్ తయారుచేసినవాళ్ళు పెట్టిన హద్దు అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీ షాకుల మీద తక్కువ ఖర్చుతో కాస్త లేపుకునేవాళ్ళకు పల్చటి బిళ్ళ సరే. ఇంత డబ్బు పోసి కొన్న కాయిలోవర్ మీద మళ్ళీ స్పేసర్ ఎందుకన్నది నాకైతే అర్థం కాదు. స్ప్రింగ్‌కూ దాని పై కప్పుకూ మధ్య వేసే స్పేసర్ ఇంకో రకం. అది ప్రీలోడే, పేరు మారిందంతే.

ఇక స్ప్రింగ్ మార్చడం. "600 తీసేసి 650 వేస్తే డ్రూప్ తిరిగొస్తుందట కదా" అని అడుగుతారు. అదే షాక్, అదే ఎత్తు అయితే రాదు. ఎత్తు అంటేనే షాక్ ఎంత సాగి నిలబడిందన్నది. ఆ ఎత్తు ఏ స్ప్రింగ్‌తో తెచ్చుకున్నా షాక్‌లో మిగిలే దూరం అంతే. తేడా వేరేచోట ఉంది. గట్టి స్ప్రింగ్‌కు అదే ఎత్తు రావడానికి ప్రీలోడ్ తక్కువ చాలు, అందువల్ల షాక్ చివరికి సాగినప్పుడు కొట్టే దెబ్బ కొంచెం తగ్గుతుంది. బ్రేక్ వేస్తే ముక్కు కిందికి వంగడం తగ్గుతుంది, పెద్ద గుంతల్లో బంప్ స్టాప్ దాకా వెళ్ళడం తగ్గుతుంది. బంపర్, వించ్, స్కిడ్ ప్లేట్లు (బండి అడుగును కాపాడే రేకులు) అన్నీ పెట్టి, కాలర్ కంపెనీ చెప్పిన గరిష్ఠ ప్రీలోడ్‌కు చేరినా బండి ఇంకా కుంగుతోందంటే స్ప్రింగే మార్చాలి, వేరే దారి లేదు. ఆ గరిష్ఠం ఊరికే రాసింది కాదు. దాన్ని దాటితే షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఇక నొక్కుకోవడానికి చోటుండదు. బరువేమీ పెంచకుండా, చూపు కోసం 700 వేసుకుంటే మాత్రం ఆఫీసుకు వెళ్ళొచ్చే హైవే మీద ప్రతి జాయింటూ నడుముకు తెలుస్తుంది.

ఎత్తూ డ్రూప్ రెండూ కావాలనేవాళ్ళకు పొడవాటి షాకులు, మార్చిన పై ఆర్మ్‌లు ఉన్నాయి. ఆ ఖర్చు వేరే స్థాయి. డిఫ్ డ్రాప్ కిట్ల (ముందు డిఫరెన్షియల్‌ను కాస్త కిందికి దించే బిళ్ళల) గురించి కూడా అడుగుతుంటారు. రెండు అంగుళాల లోపు లేపే వాళ్ళకు దాని అవసరం ఉందని నేను అనుకోను.

కాబట్టి ఒక అంగుళం కోసం నా ఓటు కాలర్‌కే. బండి మీదే ఉంచి తిప్పాలా, కాయిలోవర్ కిందికి దించి తిప్పాలా అన్నది తర్వాతి ప్రశ్న. దించి బల్ల మీద పెడితే సులువుగా తిరుగుతుందని అనుకుంటారు. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు షాక్ ఎలాగూ పూర్తిగా సాగే ఉంటుంది. బల్ల మీదా అంతే సాగి ఉంటుంది. స్ప్రింగ్ కాలర్‌ను తోసే బలం రెండుచోట్లా ఒకటే. దించడం వల్ల దొరికేది చోటు మాత్రమే. మరల్లో మట్టి పేరుకుపోయి పళ్ళు కనిపించని స్థితి ఉంటే ఆ చోటు విలువైనదే. లేకపోతే బండి మీదే చేయడం మేలు.

బండి మీద చేసేటప్పుడు ముందు రెండు వైపులా లేపి, ఫ్రేమ్ కింద జాక్ స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు. చక్రాలు విప్పాక మరలను గట్టి బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడిగి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. కాలర్‌కు బిగింపు బోల్టు ఉంటే దాన్ని వదులు చేయడం మరిచిపోయి పానాతో కుస్తీ పడేవాళ్ళు చాలామంది. ఇప్పుడున్న చోట పెయింట్ మార్కర్‌తో గీత పెట్టండి. మరల పై అంచు నుంచి కాలర్ దాకా ఎంతుందో కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. తర్వాత కంపెనీ ఇచ్చిన కొక్కెం పానాతో తిప్పడమే. ఈ బండ్లలో కాలర్ పైన బకెట్‌కు (కాయిలోవర్ పై భాగం కూర్చునే ఫ్రేమ్ గిన్నెకు) దగ్గరగా ఉంటుంది కాబట్టి పానా ఆడించడానికి చోటు తక్కువ, ఒక్కో గాడి చొప్పున జరుపుకుంటూ పోవాలి. ఓపిక పని. ప్రీలోడ్ ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళానికి వెళ్ళేటప్పుడు మర మీద 600 నుంచి 900 పౌండ్ల బలం ఉంటుంది, కష్టపడితే తిరుగుతుంది. రెండు అంగుళాలు దాటాక బలవంతం చేస్తే మరలు అరిగి పట్టేస్తాయి. అప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని వాడుకోవడానికి ఇస్తారు, నిజమే. కానీ అంత బలంతో నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ఏమవుతుందో ఊహించుకుని నేనైతే షాపుకే ఇస్తాను. కాయిలోవర్ దించే పరిస్థితి వచ్చినా పైన చుట్టూ ఉన్న మూడు నట్లే విప్పాలి. నడుమ నట్టు జోలికి వెళ్ళొద్దు, స్ప్రింగ్‌ను పట్టి ఉంచేది అదే.

రెండు పక్కలా సమానంగా తిప్పాక కూడా డ్రైవర్ వైపు కాస్త దిగి కనిపిస్తే కంగారు పడకండి. టకోమాకు పెట్రోల్ ట్యాంకు, డ్రైవర్ ఇద్దరూ ఎడమ పక్కనే కాబట్టి ఆ వాలు పుట్టుకతో వచ్చిందే. ఎడమ కాలర్ కొద్దిగా ఎక్కువ తిప్పితే సరిపోతుంది. తిప్పగానే కొలిచి నిర్ణయానికి రాకండి. దించి, వీధుల్లో ఓ చుట్టు తిరిగొచ్చాక బుషింగులు సర్దుకుంటాయి, అప్పుడు హబ్ నుంచి ఫెండర్‌కు కొలవండి. ఇదంతా ఒక్క పూటలో ముగిసేలా చూసుకోండి. బండి డ్రైవ్‌వేలో స్టాండ్ల మీద రాత్రంతా ఉంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళ ఉత్తరం కాలర్ కన్నా ఎక్కువ తలనొప్పి.

ఇండియాలో ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉన్నవాళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. మన శ్రీసిటీలో తయారయ్యే ఆ బండికీ ముందు డబుల్ విష్‌బోన్ (పైనా కిందా ఆర్మ్‌లు), కాయిల్ స్ప్రింగులే, కాబట్టి డ్రూప్ తర్కం అదే. అంకెలు మాత్రం ఇవి కావు, కొలుచుకోవాలి. పైగా అక్కడ మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆర్టీఓ దగ్గర, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర కనుక్కోకుండా పానా పట్టకండి.

ఏ దారిలో లేపినా అలైన్‌మెంట్ తప్పదు. ఎత్తు మారితే టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం), క్యాంబర్ (చక్రం నిలువునా వాలే కోణం) మారతాయి, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ హైవే మీద అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటుంది. షాపులో "టో సరిచేశాం, వెళ్ళండి" అంటే ఒప్పుకోకండి, కింది ఆర్మ్ క్యామ్ బోల్టులు జరిపి క్యాస్టర్ ఎంత దొరికితే అంత తెమ్మనండి, ముందూ తర్వాతా అంకెలున్న ప్రింటవుట్ అడగండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోండి. 2018 నుంచి వచ్చిన బండ్లలో ముందు రాడార్ ఉంటుంది, ఎక్కువ లేపినవాళ్ళు దాని గురి కూడా చూపించుకోవాలి.