ప్రాసెసర్ కోసం సికింద్రాబాద్ సీటీసీలో రెండు రోజులు

ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంటికే వచ్చే ప్రాసెసర్ కోసం కాజీపేటలో రైలెక్కడం ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. కారణం ఉంది. తమ్ముడి కంప్యూటర్లో ఉన్నది పాత బి450 మదర్‌బోర్డు, ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 3 2200జీ ప్రాసెసర్. బోర్డును నడిపించే బయోస్ అనే సాఫ్ట్‌వేర్‌ను కొన్ననాటి నుంచి అప్‌డేట్ చేయలేదు. అలాంటి బోర్డులో రైజెన్ 5000 సిరీస్ ప్రాసెసర్ పెడితే స్క్రీన్ రాదు. అందుకే ఆ పని కళ్లముందు చేసిచ్చే షాపు కావాలనుకున్నాం.

పోయినేడాది ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు కొన్నా ఆట ఆగి ఆగి నడిచేది. చూస్తే ప్రాసెసర్ 100 శాతం దగ్గర, కార్డు మాత్రం 60 దగ్గర. అంటే వెనకబడింది ప్రాసెసరే. 2200జీలో పనిచేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగు; ఒకేసారి నడిపే పనుల వరుసలు, అంటే థ్రెడ్లు, కూడా నాలుగే. చేతిలో ఉన్నది 12 వేలు.

కేబినెట్‌ను దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాం. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి విడిగా బ్యాగులో పెట్టుకోండి. రైలు కుదుపులకు దాని బరువంతా స్లాట్ మీదే పడుతుంది.

స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జిలో దిగాం. లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. రిటైరింగ్ రూమ్ ముందే బుక్ చేసుకుని ఉంటే ఆ మెట్లెక్కే బాధ తప్పేది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే ప్యారడైజ్. అక్కడ దిగితే పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్, దగ్గరే. చేతిలో కేబినెట్ ఉంటే మాత్రం ఆటోనే నయం.

మొదటి షాపులో ఇంటెల్ కంపెనీ ఐ5 12400ఎఫ్ తీసుకోమన్నారు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, మంచి ప్రాసెసరే. కానీ బోర్డు కూడా మార్చాలి, బిల్లు 17 వేలు దాటుతోంది. ఏఎమ్5కు, అంటే ఏఎమ్‌డీ కొత్త తరం సాకెట్‌కు, పోతే డీడీఆర్5 ర్యామ్ కూడా కొత్తగా కొనాలి. కొత్తగా కంప్యూటర్ కట్టించేవాళ్లకు ఈ దారులు సరే, మాకు కాదు.

రెండో షాపతను డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే పీసు రైజెన్ 5 5500 చూపించాడు. కూలర్ లేదు, వారంటీ ఎవరిస్తారంటే సరిగ్గా చెప్పలేదు. 5500లోనూ దాని పై మోడల్ 5600లోనూ కోర్లు ఆరే. అయితే ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ, ఎల్3 క్యాష్, 5500లో 16 ఎంబీ, 5600లో 32. ఆటల్లో తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ మీద తమ్ముడికి చాలా ఆశ ఉండేది. ధర మా చేతికందదు, పైగా కూలర్ విడిగా కొనాలి.

పై అంతస్తులో ఒక చిన్న షాపు. అక్కడి మెకానిక్ ధర చెప్పకముందే అడిగాడు: "కార్డు ఏది అన్నా? బయోస్ ఎప్పుడన్నా అప్‌డేట్ చేసినవా?" ఆ రెండు ప్రశ్నలకే నాకు నమ్మకం కుదిరింది. కూలర్‌తో సహా డబ్బా పీసు రైజెన్ 5 5600 అక్కడే తీసుకున్నాం, 9,800 రూపాయలకు.

ముందు పాత ప్రాసెసర్ మీదే, పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేశాడు. తర్వాత పది నిమిషాలు కంప్యూటర్‌ను అలాగే నడవనిచ్చాడు. "పేస్టు వేడెక్కాలె, లేకుంటే ప్రాసెసర్ కూలర్‌కే అంటుకొని వస్తది" అన్నాడు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటేందుకు పూసే పేస్టు అది. స్విచ్చాపి, స్క్రూలు ఎదురుబొదురుగా వదులు చేసి, కూలర్‌ను గట్టిగా లాగకుండా మెల్లగా ఎడమకూ కుడికీ తిప్పాడు. చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. కింద 1331 పిన్నులు, ఒక్కటీ వంగలేదు. అంతసేపూ తమ్ముడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఫిట్టింగ్‌కు 300 తీసుకున్నాడు. ఇంకో వంద అడిగినా సంతోషంగా ఇచ్చేవాణ్ని.

అక్కడే ఆట పెట్టి చూశాం. కార్డు వాడకం 95 శాతం దాటింది, ఆగడం పోయింది. అప్పటికి చీకటి పడింది. స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో చాయ్ తాగి గదికి వెళ్లి పడుకున్నాం. పొద్దున్నే రైలు.

పాత 2200జీకి 1,500 ఇస్తామన్నారు కానీ మేం అమ్మలేదు. 5600కు లేని సొంత గ్రాఫిక్స్ దానికుంది, కార్డు లేకుండానే బొమ్మ వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో దానికి సరిపోయే ఏఎమ్4 సాకెట్ బోర్డు ఒకటి దొరికితే చెల్లెలి చదువుకు కంప్యూటర్ అవుతుంది.