భూటాన్ ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ‘పర్మిట్‌తో సహా’ అన్న మాటను నమ్మి డబ్బు కట్టకండి

భూటాన్ యాత్రకు ప్యాకేజీ కొనే ఆలోచనలో ఉన్నవారు అడ్వాన్సు చెల్లించే ముందు ఇది చదవవలసిందిగా మనవి. ముగ్గురు పెద్దలం, పదేళ్ళ పాప కలిసి ఒక టూర్ ఏజెంటు ద్వారా ఇటీవల అక్కడికి వెళ్ళి వచ్చాము. ఏజెంటు ఇచ్చిన కాగితంలో “హోటళ్ళు, వాహనం, రెండు పూటలా భోజనం, పర్మిట్‌తో సహా” అని రాసి ఉంది. ఆ చివరి మాటే మమ్మల్ని ముంచింది.

భారతీయులకు భూటాన్ వెళ్ళడానికి వీసా అక్కరలేదు గాని, పర్మిట్ తప్పనిసరి. అది కాక ఆ దేశ ప్రభుత్వం పర్యాటకుల నుంచి సుస్థిరాభివృద్ధి రుసుము వసూలు చేస్తుంది. అందరూ దానిని ఎస్‌డీఎఫ్ అంటారు. కోవిడ్ తరువాత 2022 సెప్టెంబరులో ఆ దేశం మళ్ళీ పర్యాటకులను అనుమతించినప్పటి నుంచి మనవారికి ఇది తలకు రాత్రికి 1,200 రూపాయలు. ఆరు నుంచి పన్నెండేళ్ళ వయసు పిల్లలకు అందులో సగం, అంతకంటే చిన్నవారికి ఏమీ లేదు. మేము భూటాన్‌లో గడపవలసిన అయిదు రాత్రులకు లెక్క కడితే 21,000 రూపాయలు తేలింది. ఈ సంగతి మాకు తెలిసింది ఎక్కడనుకున్నారు? సరిహద్దుకు ఇవతల, జయగావ్ హోటల్లో, రాత్రి తొమ్మిది దాటాక. పర్మిట్‌కు దరఖాస్తు చేయిస్తామన్నామే తప్ప ప్రభుత్వ రుసుము మేమే కడతామని ఎక్కడ రాశామని ఏజెంటు ఫోనులో ఎదురు ప్రశ్న వేశాడు. ప్యాకేజీ సొమ్ము అప్పటికే పూర్తిగా చెల్లించి ఉన్నాము గనుక, వెనుదిరగలేమని తెలిసే ఆ సమయానికి చెప్పాడని నా అనుమానం.

మాతో వచ్చిన ఒక వృద్ధ దంపతుల పరిస్థితి ఇంకా దారుణం. భూటాన్ ప్రవేశానికి కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని కావాలి; ఆధార్ చెల్లదు. ఏజెంటు మాత్రం అందరి దగ్గరా ఆధార్ నకళ్ళు తీసుకుని “ఇవి చాలు” అన్నాడు. మా పాస్‌పోర్టులు అలవాటుగా సంచిలో ఉండబట్టి మేము గట్టెక్కాము. ఆ పెద్దవారు జయగావ్‌కు ఆనుకుని భూటాన్ వైపున్న సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్‌లోని ఇమిగ్రేషన్ కార్యాలయం దాకా వచ్చి, అక్కడి నుంచే తిరిగి వెళ్ళిపోయారు. కార్యాలయ సిబ్బందిని తప్పు పట్టలేను. వారు ఎంతో మర్యాదగా నిబంధన వివరించి చెప్పారు.

ఇక వాహనం సంగతి. బాగ్‌డోగ్రా విమానాశ్రయం నుంచి తిరిగి అక్కడికి చేరేదాకా ఒకే కారు అన్నారు. భారతీయ రిజిస్ట్రేషన్ వాహనం ఫుంట్‌షోలింగ్ దాటి లోపలికి వెళితే రోజుకు 4,500 రూపాయల రుసుము ఉంటుందని డ్రైవరు జయగావ్‌లో చెప్పి దిగబెట్టాడు. అక్కడి నుంచి భూటాన్ ట్యాక్సీ ఖర్చు మాదే అయింది. థింపూ, పారో దాటి వెళ్ళాలంటే గైడ్ వెంట ఉండాలన్న నిబంధన కూడా ఉంది. మాకు గైడ్‌నే ఏర్పాటు చేయలేదు గనుక పునాఖా ప్రయాణం రద్దయింది. ఆ దారిలోని దోచులా కనుమ మీది 108 స్థూపాలు, రెండు నదుల సంగమంలోని పునాఖా కోట, అన్నీ కాగితం మీదే మిగిలాయి. హోటలు మాత్రం పునాఖాలోనే తీసుకున్నారు కాబట్టి ఆ రాత్రికి థింపూలో మళ్ళీ గది వెతుక్కున్నాము.

తక్త్సాంగ్ మఠం విషయంలో మోసం అనను, నిర్లక్ష్యం అంటాను. కార్యక్రమంలో దానిని “ఉదయం సందర్శన” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సుమారు 3,120 మీటర్ల ఎత్తున, పారో లోయకు దాదాపు 900 మీటర్ల ఎగువన కొండచరియను అంటిపెట్టుకుని ఉంది. గుర్రాలు సగం దారిలోని ఫలహారశాల వరకే తీసుకువెళతాయి, దిగేటప్పుడు నడకే గతి, ఆపైన వందల కొద్దీ మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ ఫలహారశాల దగ్గరే కూర్చుండిపోయింది. ప్రవేశ టిక్కెట్లు, గుర్రం కిరాయి ప్యాకేజీలో లేవని వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి బేరం కుదుర్చుకునేటప్పుడు ఎస్‌డీఎఫ్ ఎన్ని రాత్రులకు, ఎందరికి కడుతున్నారో అంకెతో రాయించుకోండి. మిగతా సొమ్ము చెల్లించే ముందు మీ పేర్లతో ఉన్న పర్మిట్‌ను, రుసుము కట్టిన రసీదును కళ్ళతో చూడండి. గైడ్, భూటాన్ నంబరు గల వాహనం, ప్రవేశ టిక్కెట్లు ఎవరి ఖర్చో విడివిడిగా అడగండి. నిజానికి పర్మిట్‌కు ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు చేసి రుసుము కట్టవచ్చు. ఈ మాట మాకు ముందే తెలిసి ఉంటే ఏజెంటు గడప తొక్కేవాళ్ళమే కాదు.

తిరిగి వచ్చాక జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. వారం తిరగకముందే ఏజెంటు ఫోను చేసి, తరువాతి యాత్రలో 8,000 రూపాయల తగ్గింపు ఇస్తానని, అందుకు బదులుగా “ఇక ఎలాంటి అభ్యంతరమూ లేదు” అని రాసిన కాగితంపై సంతకం చేయమని కోరాడు. మీకూ అలాంటి కాగితం వస్తే సంతకం పెట్టకండి. నేను పెట్టలేదు, రసీదులన్నీ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను.