మన్‌హైమ్‌లో ఎంగెల్‌హోర్న్ జాడలు వెతుక్కుంటూ

జర్మనీ వెళ్ళేవాళ్ళు హైడెల్‌బర్గ్ కోట చూసి, పక్కనే ఉన్న మన్‌హైమ్‌లో రైలు మారి వెళ్ళిపోతుంటారు. ఊరు చూడకుండా పోవద్దని నా మాట. బీఏఎస్ఎఫ్ అనే మహా రసాయనాల కంపెనీని పెట్టిన ఫ్రీడ్రిష్ ఎంగెల్‌హోర్న్ 1821లో పుట్టిందీ, 1902లో కన్నుమూసిందీ ఈ ఊళ్ళోనే.

చేతిపనికి ఆయన కంసాలి. 1848లో గ్యాస్ వ్యాపారంలోకి దిగాడు. బొగ్గునుంచి దీపాల గ్యాస్ తీయగా నల్లటి తారు మిగిలేది. ఆ తారులోంచే రంగులు పుట్టించవచ్చని 1856లో ఇంగ్లండ్ కుర్రాడు పెర్కిన్ తేల్చాడు. తన దగ్గర గుట్టలుగా పడివున్నది చెత్త కాదని ఎంగెల్‌హోర్న్ వెంటనే పసిగట్టాడు. 1865 ఏప్రిల్‌లో కంపెనీ పెట్టి ఊళ్ళో భూమి అడిగితే నగర పెద్దలు కాదన్నారు. నది దాటి అవతలి గట్టున లుడ్విగ్స్‌హాఫెన్‌లో కొన్నాడు. అప్పట్లో అది బవేరియా రాజ్యం కింద ఉండేది. బీఏఎస్ఎఫ్‌లో మొదటి అక్షరం బాడెన్‌ది, అంటే మన్‌హైమ్ ఉన్న రాజ్యానిది. అలా పేరులో బాడెన్, నేల బవేరియాది!

అవతలి గట్టుకు వెళ్ళడం తేలిక. మన్‌హైమ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే కొద్ది నిమిషాల్లో రైన్ వంతెన దాటి లుడ్విగ్స్‌హాఫెన్ మిట్టెలో దిగుతాం. ఫ్యాక్టరీ సుమారు పది చదరపు కిలోమీటర్లు. సందర్శకుల కేంద్రానికి టికెట్ లేదు. పిల్లలకు రసాయనశాస్త్రం మీద ఇష్టం పుట్టించేలా తీర్చిదిద్దారు. కానీ ఎంగెల్‌హోర్న్ అనే మనిషి కోసం వెళితే మాత్రం ఆకలి తీరదు. ఫ్యాక్టరీ లోపల తిప్పి చూపించే బస్సు పర్యటనకు ముందే పేరు నమోదు చేసుకోండి, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అటూ ఇటూ, తలమీదా పైపులే పైపులు. ఒక చోట మిగిలింది ఇంకో చోట ముడిసరుకు. గ్యాస్ కంపెనీలో తారును చూసిన కన్నే ఇక్కడా కనబడింది నాకు.

1869లో అలిజరిన్ అనే ఎరుపు రంగును తారునుంచి తీసే పద్ధతికి పేటెంట్ వచ్చాక కంపెనీ దశ తిరిగింది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రాగి కాగులో జాజి ఆకు వేసి గుడ్డను ఉడికిస్తుంటే, పటిక అద్దిన మేరకు ఎరుపు తేలుతుంది. ఒకప్పుడు ఆ ఎరుపు చిరువేరునుంచి వచ్చేది. వేరులో ఉన్నదీ అలిజరినే. ఇప్పుడు కాగులో పడేది ఫ్యాక్టరీలో తయారైన పొడి. మన అద్దకపువాళ్ళ బతుకులతో ముడిపడిన ఊరిది అనిపించి, నేను చాలాసేపు కదల్లేకపోయాను.

మన్‌హైమ్‌లో ఆయన భవంతి ఏ1లో, రాజప్రాసాదం దగ్గర. ఊరి నడిబొడ్డున వీధుల పేర్లుండవు, అక్షరం, అంకె ఉంటాయి. అలవాటయ్యాక మహా సుఖం. భవంతిని బయటినుంచే చూశాం. బజారులో ఎంగెల్‌హోర్న్ పేరుతో ఉన్న పెద్ద బట్టల దుకాణం మాత్రం ఈయన పెట్టింది కాదు, పొరపడకండి. 1883లో బీఏఎస్ఎఫ్ వదిలేసి, అరవై దాటిన వయసులో మలేరియా మందు క్వినైన్ చేసే బోరింగర్ కంపెనీలో చేరాడు. మన ఇళ్ళలో షుగర్ చూసుకునే అక్యు-చెక్ పేరు తర్వాతి కాలంలో తెచ్చింది ఆ బోరింగరే. 1997 తర్వాత అది రోష్ అనే స్విస్ మందుల కంపెనీ చేతికెళ్ళింది.

లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఆయన పేరుమీద వంద మీటర్లు దాటిన భవనం 1957లో లేచింది. 2014 కల్లా కూల్చేశారు. చూద్దామనుకున్నవాళ్ళకు అది నిరాశే.

బస మన్‌హైమ్‌లోనే పెట్టుకోండి. స్టేషన్ దగ్గర మేం దిగిన చిన్న హోటల్లో గది శుభ్రంగా ఉంది, కానీ తెల్లారకముందే ట్రాముల మోత. వీధి వైపు కాకుండా వెనకవైపు గది అడగండి. ఆదివారం దుకాణాలు మూత, స్టేషన్‌లోవి తప్ప. శాకాహారులకు టర్కీవాళ్ళ హోటళ్ళలో ఫలాఫెల్ దొరుకుతుంది. సేమ్యాలా వడ్డించే ఐస్‌క్రీమ్ పుట్టింది 1969లో ఈ ఊళ్ళోనే, పిల్లలుంటే తప్పక తినిపించండి. హైడెల్‌బర్గ్‌కు ఇక్కణ్ణుంచి రైల్లో పావుగంట. కోటను అలా ఒక పూట చూసి రావచ్చు.