అమీర్‌పేట కుబెర్నెటీస్ మాక్ ఇంటర్వ్యూలు: తరగతికి వెళ్లవచ్చు, నోట్సును నమ్మవద్దు

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లోని ఒక శిక్షణ సంస్థ, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీని, నిర్వహణను కలిపి చూసే) ఉద్యోగాలకు ప్రయత్నించేవారి కోసం వారాంతాల్లో మాక్ ఇంటర్వ్యూలు నిర్వహిస్తోంది. అప్లికేషన్‌ను దానికి కావలసినవాటితో కలిపి నడిపే పొట్లం కంటైనర్, కంటైనర్లను నడిపి చూసుకునే వ్యవస్థ కుబెర్నెటీస్, అందులో కంటైనర్లు ఉండే యూనిట్ పాడ్. పాడ్ క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్‌లో, అంటే కంటైనర్ పదేపదే ఆగిపోతూ మళ్లీ లేపేముందు విరామం పెరుగుతూ పోయే స్థితిలో, పడితే ఏం చేస్తారన్న ప్రశ్నకు ఇక్కడ ఒక పూటంతా కేటాయించారు. కట్టిన ఫీజుకు న్యాయం జరిగేది ఆ పూటలోనే.

అభ్యర్థి కారణం చెప్పబోతే బోధకుడు అడ్డుకుంటారు. "కారణం తర్వాత చెబుదురు గాని, ముందు ఏం చూశారో చెప్పండి" అంటారు. పాడ్ వివరాలు చూపే డిస్క్రైబ్ కమాండ్‌తో లాస్ట్ స్టేట్ (గత స్థితి) కింద ఉన్న రీజన్‌ను, ఎగ్జిట్ కోడ్‌ను (కంటైనర్ ఎలా ఆగిందో చెప్పే సంఖ్యను) చదివించిన తర్వాతే లాగ్స్ తెరవనిస్తారు. అది కూడా అంతకుముందు ఆగిన కంటైనర్ లాగ్‌ను చూపే ప్రీవియస్ ఆప్షన్‌తోనే, ఎందుకంటే కొత్తగా లేచిన కంటైనర్ లాగ్‌లో పాతది ఎందుకు పడిపోయిందో కనిపించదు. రీస్టార్ట్‌ల మధ్య విరామం 10 సెకన్లతో మొదలై, రెట్టింపవుతూ 5 నిమిషాల దగ్గర నిలిచిపోతుందని గడియారం పెట్టి మరీ చూపించారు.

అన్నిటికంటే బాగున్నది ఒక జావా అప్లికేషన్ అభ్యాసం. ప్రాసెస్‌ను బలవంతంగా చంపారని తెలిపే ఎగ్జిట్ కోడ్ 137 కనబడగానే తరగతిలో చాలామంది మెమరీ లిమిట్ పెంచాలన్నారు. కానీ రీజన్ దగ్గర, మెమరీ చాలక చంపినట్టు తెలిపే ఓఓఎమ్‌కిల్డ్ లేదు, ఎర్రర్ అని మాత్రమే ఉంది. ఈవెంట్స్ చూస్తే, అప్లికేషన్ పూర్తిగా లేవకముందే అప్లికేషన్ పనిచేస్తోందో లేదో చూసే లైవ్‌నెస్ ప్రోబ్ విఫలమవుతోంది. ప్రారంభ స్క్రిప్టులో, స్క్రిప్టు స్థానంలోకి జావానే తెచ్చే ఎగ్జెక్ లేనందున, ఆగిపొమ్మని చెప్పే సిగ్‌టర్మ్ సంకేతం జావా ప్రాసెస్‌కు చేరలేదు, 30 సెకన్ల గడువు తీరగానే, సర్వర్‌లో పాడ్‌లను చూసుకునే కుబెలెట్ దానిని బలవంతంగా చంపించింది. అప్లికేషన్ లేచేవరకు లైవ్‌నెస్ ప్రోబ్‌ను ఆపి ఉంచే స్టార్టప్ ప్రోబ్ పెట్టి, స్క్రిప్టు సరిచేశాక పాడ్ నిలబడింది. మెమరీ ఎంత పెంచినా ఈ సమస్య తీరేది కాదు.

ఇంత చక్కగా చెప్పిన సంస్థే చేతికిచ్చిన నోట్సులో "137 అంటే మెమరీ చాలలేదు" అని అచ్చువేయడం విడ్డూరం. పని ముగించుకొని, ఏ లోపమూ లేదని తెలిపే కోడ్ 0తో బయటికి వచ్చిన కంటైనర్ కూడా, రీస్టార్ట్ పాలసీ ఆల్వేస్ (ఆగితే ఎప్పుడూ మళ్లీ లేపు) అయితే, ఇదే స్థితిలో పడుతుందన్న సంగతి అందులో లేదు. కమాండ్లు తీసుకునే షెల్ లేని, అప్లికేషన్‌కు కావలసినవి మాత్రమే ఉండే డిస్ట్రోలెస్ ఇమేజ్‌ల విషయంలోనూ కంటైనర్ లోపలికి ఎగ్జెక్ చేయమనే (షెల్ తెరవమనే) రాశారు. లోపం వెతకడానికి నడుస్తున్న పాడ్‌లో తాత్కాలికంగా చేర్చే, 2022లో వచ్చిన కుబెర్నెటీస్ 1.25 వెర్షన్ నుంచి స్థిరంగా ఉన్న ఎఫెమరల్ కంటైనర్ల ఊసే లేదు.

కంటైనర్లను తయారుచేసి నడిపే సాధనమైన డాకర్ కొంత తెలిసినవారికి ప్రత్యక్ష తరగతి తప్పక ఉపయోగపడుతుంది. ఆన్‌లైన్ బ్యాచ్‌కు మాత్రం రికార్డు చేసిన వీడియోలే ఇస్తున్నారు. తొందరపడి జవాబిచ్చేవారిని ఆపేవారు అక్కడ ఉండరు కనుక, ఆ ఫీజు దండగ.